ఆకలి హార్మోన్లకు ధమనులతో ఏం పని?

(తెరపై: గీతల బొమ్మలో ఒక మనిషి. పొట్ట, దాని చుట్టూ కొవ్వు, మెదడు, గుండె ధమని ఒక్కొక్కటిగా వెలుగుతాయి.)

వ్యాఖ్యాత: గుండెపోటు అనగానే కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, సిగరెట్ గుర్తొస్తాయి. ఆకలి గుర్తుకు రాదు. కానీ ఆకలిని నడిపించే హార్మోన్లు తిరిగేది రక్తంలోనే. ధమనులను తాకకుండా అవి ఎక్కడికీ పోలేవు.

ముందు లెప్టిన్ అనే హార్మోన్ సంగతి. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీని జన్యువును కనుగొంది. దీన్ని ప్రధానంగా తయారుచేసేవి కొవ్వు కణాలే. నిల్వలు సరిపోయాయని మెదడుకు కబురు పెట్టడం దీని పని. కొవ్వు పెరిగితే లెప్టిన్ కూడా పెరుగుతుంది. అలాగైతే లావుగా ఉన్నవారికి ఆకలే వేయకూడదు కదా? వేస్తుంది. లెప్టిన్ మోతాదు పెరిగేకొద్దీ మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆకలిని అదుపు చేయాల్సిన చోట వినిపించని ఆ శంఖం మిగతా చోట్ల వినిపిస్తూనే ఉంటుంది. గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగించే సింపథెటిక్ నాడులను లెప్టిన్ రెచ్చగొడుతుంది, దాంతో బీపీ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల మీదా దీని కబురును అందుకునే గ్రాహకాలున్నాయి.

(తెరపై: ఒక బొద్దు ఎలుక. పక్కనే దాని ధమని కోత.)

పుట్టుకతోనే లెప్టిన్ లేని ఎలుకలు ఆపకుండా తిని విపరీతంగా లావెక్కుతాయి. అంత లావున్నా, దెబ్బతిన్న ధమనిలో రక్తం గడ్డకట్టడానికి వాటికి మామూలు ఎలుకలకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ధమనుల్లో కొవ్వు పూడికలు తేలిగ్గా ఏర్పడే మరో రకం ఎలుకలకు లెప్టిన్ ఎక్కిస్తే పూడిక పెరిగింది. మనుషుల్లో మాత్రం కథ ఇంత సూటిగా లేదు. స్కాట్లాండ్‌లో కొలెస్ట్రాల్ ఎక్కువున్న పురుషులపై 2001లో వెలువడిన అధ్యయనంలో లెప్టిన్‌కూ గుండెజబ్బుకూ సంబంధం కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో అది అంత గట్టిగా నిలవలేదు. అందుకే లెప్టిన్‌ను దోషిగా తేల్చేయడం తొందరపాటే అంటాను.

ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగవా బృందం కనుగొంది. వాళ్లు పనిచేసింది ఒసాకాలోని గుండెజబ్బుల పరిశోధన సంస్థలో! ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాను.

(తెరపై: పేగు గోడ. భోజనం తర్వాత చుక్కలు చుక్కలుగా జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదల.)

అసలు బలమైన ఆధారం పేగు దగ్గర దొరికింది. తిన్నాక పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 ఆకలిని తగ్గిస్తుంది, కానీ రెండు నిమిషాల్లోనే చాలావరకు విరిగిపోతుంది. దాన్ని పోలినదే, వారానికొక సూదితో సరిపోయే సెమాగ్లూటైడ్ అనే మందు. ఈ మందు మీద జరిగి, 2023లో ఫలితాలు ప్రకటించిన సెలెక్ట్ పరీక్షలో 41 దేశాల నుంచి 17,604 మంది పాల్గొన్నారు. అందరూ 45 ఏళ్లు దాటినవారు, అధిక బరువున్నవారు. గుండె లేదా రక్తనాళాల జబ్బు అప్పటికే ఉంది, మధుమేహం లేదు. గుండె, రక్తనాళాల కారణంగా మరణం, ప్రాణాంతకం కాని గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే, మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 8 శాతం మందికి, అసలు మందు తీసుకున్నవారిలో 6.5 శాతం మందికి వచ్చాయి.

బరువు తగ్గినందువల్లే ఈ మేలు జరిగిందా? పూర్తిగా కాదు. బరువు పెద్దగా తగ్గనివారిలోనూ ప్రయోజనం కనిపించింది. ధమని గోడలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తగ్గడం ఒక కారణం కావచ్చు.

ఒక్క హెచ్చరిక. గుండెజబ్బు లేకుండా, సన్నబడాలని మాత్రమే సూది వేయించుకునేవారి గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పలేదు. పైగా దుష్ప్రభావాల వల్ల మందు మానేసినవారు 16.6 శాతం, ఉత్తుత్తి సూది మానేసినవారు 8.2 శాతం. మందు మానేయడానికి ఎక్కువమంది చెప్పిన కారణం జీర్ణకోశ ఇబ్బందులు.