లాడం కొట్టించాలా, వద్దా? బండి గుర్రం డెక్క లెక్క

నమస్కారం అండీ. ఈ వీడియో ఒకే ఒక్క ప్రశ్న కోసం. చేవెళ్ల వైపు మామిడితోట ఉన్న ఒకాయన కాఠియావాడీ జాతి ఆడగుర్రాన్ని కొన్నారు. ఆరేళ్లది. రెండు చక్రాల బండికి అలవాటైందే. తోట నుంచి ఊళ్లోకి మూడు కిలోమీటర్లు, అందులో ఒక కిలోమీటరు మట్టిబాట, మిగతాది తారు. వారానికి రెండుమూడు సార్లు బండి కడతారట. ఆయన మాటల్లోనే చెప్తా: "అమ్మినాయన లాడాలు లేకుండానే ఇచ్చాడు. మా బావమరిది వెంటనే కొట్టించమంటాడు. వీడియోలు చూస్తే అసలు డెక్కకి ఇనుమే తగలనివ్వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటా వినండి. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, కాకపోతే ఎవరి మనసులో ఉన్న గుర్రం వాళ్లది. బావమరిది గారి కళ్లముందు ఉన్నది పెళ్లి ఊరేగింపులో సిమెంటు రోడ్డు మీద తిరిగే గుర్రం. వీడియో వాళ్ల కళ్లముందు ఉన్నది ఎకరాల కొద్దీ పచ్చికలో మేసే గుర్రం. గాడిదనీ గుర్రాన్నీ ఒకే గాటన కట్టొద్దంటారు. ఇక్కడ గుర్రాన్నీ గుర్రాన్నీ కూడా కట్టలేం.

ముందు డెక్క చూద్దాం. చెరువుల్లో పాకే గుర్రపుడెక్క కాదు, అసలుది. ఇది మా రాణి. కుడి వెనకకాలు ఎత్తి పట్టుకున్నా, కెమెరా కొంచెం కిందికి పెట్టమన్నాను. చుట్టూ గట్టిగా ఉన్నదే గోడ. మన గోరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కోసినా నొప్పి తెలీదు. దాని లోపల పసుపు తిరిగిన సన్నటి గీత కనిపిస్తోందా? దీన్నే తెల్ల గీత అంటారు. గోడకీ అరికాలికీ అదే సరిహద్దు, లోపలున్న ప్రాణమున్న భాగానికీ అదే హద్దు. గీత లోపలంతా అరికాలు. మధ్యలో వి అక్షరంలా, సైకిల్ టైరు ముక్కలా మెత్తగా ఉన్నది చూడండి, దీన్ని ఇంగ్లీషులో ఫ్రాగ్ అంటారు. నాకైతే కప్ప పోలిక ఎక్కడా కనపడదు. ఇప్పుడు రెండు బొటనవేళ్లతో మడమ దగ్గర నొక్కుతున్నా. కాస్త కదిలింది కదా. గుర్రం బరువు పడ్డప్పుడల్లా ఈ వెనక భాగం వెడల్పవుతుంది, కాలు లేపగానే దగ్గరికొస్తుంది. నడుస్తున్నంతసేపూ ఇదే పని.

ఇక లెక్కలోకి వద్దాం. డెక్క నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన వెంట్రుకలు ఆగే చోట పుట్టిన కొమ్ము ముందువైపు నేల దాకా దిగడానికి 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. అంటే మీ గుర్రం డెక్క మొన దగ్గర ఇవాళ మీరు చూస్తున్నది నిరుడు పాత యజమాని పెట్టిన దాణాతో తయారైన సరుకు. బాగున్నా ఆయన పుణ్యమే, పెళుసుగా ఉన్నా ఆయన చలవే.

ఒకవైపు పెరుగుదల, ఇంకోవైపు అరుగుదల. రెండూ సరిపోతే ఎవరినీ అడగక్కర్లేదు. సవారీ గుర్రమైతే రోడ్డు గట్టిగా ఉంటే పక్కన మట్టిలోకి మళ్లిస్తాం. బండికి ఆ వెసులుబాటు లేదు, చక్రాలు ఎక్కడుంటే గుర్రమూ అక్కడే. పైగా లాగాలి. ఆగిన బండిని కదిలించేటప్పుడు వెనకకాళ్లు చూడండి, డెక్క మొనని నేలకి గుచ్చి తోస్తుంది. ఆ మొనే ముందుగా అరుగుతుంది. దిగుడులో బండిని ఆపేదీ అదే, డెక్కల్ని రోడ్డుకి రాసుకుంటూ. రెండు చక్రాల బండిలో మనుషులు ముందుకి జరిగి కూర్చుంటే కాడి బరువు వీపు మీద పడుతుంది. అసలే గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. ఇంకా పెంచినట్టే కదా.

మీ గుర్రం పద్దు ఎలా ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెంట్రుకలకి సరిగ్గా కింద, డెక్క మీద ఆకురాయి అంచుతో చిన్న గీత పెట్టండి. లోతు అక్కర్లేదు, గోరు మీద గీసినంత చాలు. వెంట్రుకల నుంచి నేల దాకా పొడవు కొలిచి క్యాలెండరు మీద రాయండి. రెండు వారాలు మామూలుగా బండి కట్టండి, చెక్కడం మాత్రం వద్దు. మా రాణికి రెండేళ్ల కిందటి వేసవిలో ముందుకాలి గీత రెండు వారాల్లో 4 మిల్లీమీటర్లు కిందికి దిగింది. అంటే పెరిగింది నాలుగు. పొడవేమో మొదట 80 ఉన్నది 78కి వచ్చింది. పెరిగిన నాలుగూ పోయి, పైన ఇంకో రెండు పోయింది. మొత్తం అరుగుదల ఆరు. నెలకి నాలుగు మిల్లీమీటర్ల అప్పు. ఇలా మూడు నెలలు నడిస్తే అరికాలు రోడ్డుకి తగులుతుంది.

ఈ అప్పు తీర్చడానికి పుట్టిందే లాడం. మా చిన్నప్పుడు స్టేషన్ బయట జట్కాల వరుస ఉండేది. ఉలవల వాసన, పచ్చగడ్డి వాసన, పేడ వాసన అన్నీ కలిసి ఒకటే వాసన. రాత్రి ఆఖరి రైలు దిగి జట్కా ఎక్కితే లాడాల కింద నిప్పురవ్వలు లేచేవి, వాటి కోసమే నేను వెనకవైపు కాకుండా ముందు బండి తోలే సాయిబు తాత పక్కన కూర్చునేవాణ్ణి. ఒకసారి బండి మంచి ఊపులో ఉండగా ఆయన చటుక్కున పగ్గాలు లాగాడు. "ఎడమ వెనకది పలికింది" అన్నాడు. మా నాన్నకేమీ వినపడలేదు. తాత దిగి, సీటు కింద సంచిలోంచి సుత్తి తీసి, కాలు ఎత్తి రెండు దెబ్బలు వేశాడు. మేకు సడలిందట. నాలుగు కాళ్లూ టక్ టక్ మంటుంటే ఒకటి మాత్రం ఠంగ్ మన్నదని నాకు తర్వాత చెప్పాడు. ఆ గుర్రాలకి లాడం వద్దని ఎవరన్నా అంటే తాత చెర్నాకోల తీసేవాడు. పొద్దస్తమానం గట్టి రోడ్డు, నలుగురు మనుషులు, మూటలు. ఏ డెక్క ఆగుతుంది?

మేకు కొడితే నొప్పి కాదా అని అందరూ అడుగుతారు. తెల్ల గీతకి బయట కొడితే కాదు. లాడం మేకుకి మొన దగ్గర ఒక పక్క ఏటవాలు ఉంటుంది, అందుకని కొడుతుంటే నిటారుగా పోకుండా బయటికి వంగి గోడలోంచి పొడుచుకొస్తుంది. ఆ మొన తుంచి, మిగిలింది కిందికి మడిచి, ఆకురాయితో సాపు చేస్తారు. మంచి పనివాడు చెవితో కొడతాడు. గట్టి కొమ్ములో పోతున్న మేకు చప్పుడు వేరు, మెత్తటి లోపలి వైపు పోతున్న మేకు చప్పుడు వేరు. తేడా వినపడగానే ఆపి, పీకి, మళ్లీ కొడతాడు. డెక్క ఎక్కువ వెడల్పున్న చోటు దాటి వెనక్కి మేకులు కొట్టడు, ఎందుకంటే ఇందాక బొటనవేళ్లతో నొక్కితే కదిలిన మడమని బిగించేసినట్టవుతుంది.

మన దగ్గర లాడంతో వచ్చే చిక్కు ఇనుముతో కాదు, బద్ధకంతో. లాడం అరుగుదలని ఆపుతుంది గానీ పెరుగుదలని ఆపదు. కింద ఇనుము అలాగే ఉంటుంది, పైన డెక్క పెరిగిపోతుంది. మొన పొడుగై, మడమ ముందుకి జారి, కాలు వేసినప్పుడల్లా కాలి వెనక స్నాయువులు (టెండన్లు) సాగుతాయి. అందుకే ఆరు వారాలకి, మహా అయితే ఎనిమిది వారాలకి, లాడం ఊడదీసి డెక్క చెక్కి మళ్లీ కొట్టాలి. పాత లాడం బాగానే ఉంటే అదే కొట్టొచ్చు. మనవాళ్లు లాడం దానంతటది ఊడిపడే దాకా చూస్తారు. లాడాలు వేసిన గుర్రాన్ని అలా వదిలేసే కన్నా లాడాల్లేని గుర్రమే నయం.

రెండో చిక్కు జారుడు. సాపు ఇనుము, సాపు తారు. తొలకరి జల్లు పడ్డ మొదటి పది నిమిషాలు, రోడ్డు మీద దుమ్మూ ఆయిలూ కలిసి పేస్టులా ఉన్నప్పుడు, లాడమున్న గుర్రాన్ని మలుపు తిప్పి చూడండి, తోలేవాడికి చెమటలు పడతాయి. కాడి మధ్య పడ్డ గుర్రం మామూలుగా పడ్డ గుర్రంలా లేవలేదు. పొడిగా ఉన్న తారు మీద ఒట్టి డెక్క బాగా పట్టుకుంటుంది, ఇది నా కళ్లతో చూసినది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆమిష్ జనం ఇప్పటికీ కార్లు కొనరు, గుర్రపు బగ్గీల్లోనే సంతకి వెళ్తారు. వాళ్ల గుర్రాలకి లాడాలుంటాయి, ఆ లాడాల కింద టంగ్‌స్టన్ కార్బైడ్ చుక్కలు కరిగించి అంటిస్తారు. రోడ్డుని కరిచి పట్టుకోవడానికి. మితం తప్పితే అదీ ప్రమాదమే. అడుగు వేసినప్పుడు డెక్క వెంట్రుకవాసి జారితేనే కీలు మీద దెబ్బ తగ్గుతుంది, పూర్తిగా అతుక్కుపోతే దెబ్బంతా మోకాలికే.

స్వీడన్ కథ ఇంకా తమాషా. అక్కడ సల్కీ అనే చిన్న రెండు చక్రాల బండి కట్టి ట్రాట్ పందేలు ఆడతారు. నడకకీ దౌడుకీ మధ్య పరుగు, దౌడులోకి మారి వెంటనే ట్రాట్‌కి తిరిగి రాకపోతే తప్పుకోవాల్సిందే. పందెం ముందు ఏ గుర్రం లాడాలు తీసి పరిగెడుతోందో జనానికి ముందే చెప్తారు, దాన్ని బట్టి డబ్బులు కాస్తారు మరి. కాలి చివర ఉన్న ఇనుము తీసేస్తే కాలు తేలికై వేగం పెరుగుతుంది. 2020లో వచ్చిన ఒక పరిశోధన కూడా అదే తేల్చింది, లాడాలు లేకపోతే వేగం ఎక్కువ. దాంతో పాటే దౌడులోకి మారి పందెం పోగొట్టుకునే ప్రమాదమూ ఎక్కువని తేలింది. చలికాలంలో ఒట్టి డెక్కలతో పరుగు అక్కడ నిషేధం. పందెం రోజు తీసి, తర్వాత మళ్లీ కొట్టించుకుంటారు. పంతానికి పోరు.

పంతానికి పోయింది నేను. ఐదేళ్ల కిందట, రాణి లాడాలు మే నెలలో పీకించేశాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు మా రోడ్డుకి కంకర పరిచారు, తారు ఇంకా పొయ్యలేదు. "అర కిలోమీటరే కదా" అని తోలాను. మర్నాడు పొద్దున కుడి ముందుకాలు నేల మీద పెట్టలేదు. అరికాలికి రాయి దెబ్బ తగిలి లోపల చీము పట్టింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు పెట్టించడం, డాక్టరు గారు కోసి చీము తియ్యడం, గోనెసంచి కట్టడం, నెలన్నర. తప్పు ఒట్టి డెక్కది కాదు. ఏళ్ల తరబడి లాడం మీద బతికిన అరికాలు మందం తేలడానికి నెలలు పడుతుంది, నేను నాలుగు రోజులిచ్చాను. 2,400 ఏళ్ల కిందట, మేకులతో బిగించే లాడాలు లేని రోజుల్లో, గ్రీకు సేనాని జెనోఫోన్ గుర్రం నిలబడే చోట పిడికిట్లో పట్టే గుండ్రాళ్లు పరిపించమన్నాడు, రోజూ వాటి మీద తొక్కి డెక్క గట్టిపడాలని. గుండ్రాళ్లు, కోసుగా ఉండే కంకర కాదు. ఆ ముక్క నాకు ఆలస్యంగా ఎక్కింది.

చేవెళ్ల అయ్యగారి సంగతి. మీ గుర్రం ఒట్టి డెక్కలతోనే వచ్చింది కాబట్టి సగం పని అయిపోయింది. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి రానూపోనూ ఆరు కిలోమీటర్లు, అందులో తారు నాలుగు. నేనైతే లాడం కొట్టించను. ఇప్పుడే వద్దు. ఐదు వారాలకోసారి చెక్కించండి, అంచు గుండ్రంగా రాయించండి, లేకపోతే పెచ్చులూడుతుంది. మలక్‌పేట రేసుకోర్సు చుట్టుపక్కల పనివాళ్లున్నారు. లాడం కొట్టడం వచ్చిన చేతికి చెక్కడమూ వచ్చి ఉండాలి, కానీ ఒట్టి డెక్కకి అరికాలు తొలవకూడదని ముందే చెప్పండి. లాడం వేసేముందు చెక్కినట్టు చెక్కితే పలచబడిపోతుంది. వానాకాలంలో పాకలో తడి లేకుండా చూడండి. వి ఆకారం పక్క సందుల్లో నల్లగా కుళ్లు వాసన వస్తే అది తడి రోగం. ఉలవలు ఉడకబెట్టి పెట్టండి, బెల్లం ముద్దలు మాత్రం మానండి. ముద్దుగా పెట్టే తీపీ, ఎక్కువైన గింజా కలిసి డెక్క లోపల వాపు తెస్తాయి. అది వస్తే లాడమా కాదా అన్న ప్రశ్నే ఉండదు, డాక్టరే.

రోడ్డుకి కంకర పోస్తే ఆ నాలుగు రోజులకి రబ్బరు బూట్లు తొడగొచ్చు. సైజు సరిపోతేనే. వదులైతే మడమ ఒరుసుకుపోతుంది. రోజూ గంటల కొద్దీ పరుగుకి అవి కావు.

గీత పెట్టి కొలవండి. రెండు వారాల అరుగుదల పెరుగుదలని దాటితే బరువు ఎక్కువ మోసే ముందుకాళ్లకి మాత్రం కొట్టించండి, వెనకవి వదిలెయ్యండి. ఇది ఎవరూ మీకు చెప్పి ఉండరు, లాడాలంటే నాలుగూ అనుకుంటాం. రేపు మీరు బండిని పెళ్లిళ్లకి అద్దెకిస్తే బావమరిది గారి మాటే నెగ్గుతుంది, ఆరు వారాల లెక్క ఆయన చేతే ఒప్పించుకోండి.

రాణిని ఇప్పుడు కడుతున్నా. రెండేళ్లుగా ముందు రెండింటికే లాడాలు. వెనక నుంచి వినండి. టక్, తప్. టక్, తప్. మొన్నటి దాకా రెండు టక్కులూ ఒకేలా పలికేవి. ఇవాళ ఎడమది కొంచెం ఠంగ్ మంటోంది. ఆగమ్మా రాణీ, ఆగు. సుత్తి ఎక్కడ పెట్టానో.