పని అయ్యాక తుడిచేసే బోర్డు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. అధ్యక్షులు నాకు పది నిమిషాలు ఇచ్చారు. నా పరిచయానికే మూడు ఖర్చయ్యాయి కనుక పొగడ్తలన్నీ బాకీ పెట్టి విషయానికి వస్తాను.

విశాఖ కాలేజీ విద్యార్థుల కోసమే ఒక యాప్ తయారు చేశామని ఈ పిల్లలు చూపించారు. ఫొటోలు పెట్టుకోవచ్చు, గది వెతుక్కోవచ్చు, పేరు చెప్పకుండా మనసులో మాట రాసుకోవచ్చు. ఇది నిజంగా ఎవరి అవసరమైనా తీరుస్తుందా అన్నది నాకిచ్చిన ప్రశ్న. ఫేస్‌బుక్ కూడా 2004లో హార్వర్డ్ విద్యార్థుల కోసమే మొదలైంది కదా అంటారు. నిజమే. పేరు లేకుండా రాసుకునే యిక్ యాక్ అనే యాప్ కూడా అలాంటిదే. 2013లో పుట్టి, అమెరికా కాలేజీలను ఊపేసి, 2017లో మూతపడింది. తరవాత మళ్లీ తెరిచారనుకోండి. ముసుగు వేసుకుని రాసే చోట మొదట వేళాకోళం, ఆనక ఎవరో ఒకరి కన్నీళ్లు. పేరు లేకుండా రాసే ఆ మీట మాత్రం తీసేయండి నాయనా.

ఇక అవసరాలంటారా? చేతులెత్తండి. ఎం.వి.పి. కాలనీలో గది దొరక్క తిరిగినవారు ఎందరు? గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో నిలబడి వచ్చేవారు? పరీక్ష ఫీజు ఆఖరి తేదీ ఆ మరునాడు తెలిసినవారు? చూశారా, వెనక వరసలో ఒకాయన రెండు చేతులూ ఎత్తారు.

ఆ చేతులు చూస్తే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొచ్చింది. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

2014 అక్టోబరు 12, ఆదివారం. నేనప్పుడు ఒక హాస్టలుకు వార్డెనును. మరునాడు తలుపు తీస్తే ఆవరణలో నిలబడి ఉన్న చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. తుపానుకు సరిగ్గా పన్నెండు రోజుల ముందే, ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్‌ను మూసేశారు. ఉన్నా ఆ వారం మాకు ఒరిగేదేమీ లేదు లెండి. భోజనశాలలో ఒక నల్లబోర్డు ఉండేది, రేపటి కూర ఏమిటో రాయడానికి. కూరే లేదు కనుక అది ఖాళీ. ఒక కుర్రాడు సుద్దముక్క తీసుకుని రాశాడు: "అనకాపల్లి వెళ్లేవారు మా ఇంట్లో చెప్పండి, బాగానే ఉన్నాను. గది 6." సాయంత్రానికి బోర్డు నిండిపోయింది. కొవ్వొత్తి ఎక్కువున్నవాడు ఒకడు, జ్వరం మాత్ర కావలసినవాడు ఒకడు. పని తీరినవాడు తన వాక్యాన్ని తానే తుడిచేవాడు. ఆ నియమం ఎవరూ పెట్టలేదు. బోర్డు మీద నలుపు కనబడుతున్న కొద్దీ నాకు ప్రాణం కుదుటపడేది.

అందుకే అడుగుతున్నాను. మీ యాప్‌లో ఎవరు ఎంతసేపు గడిపారో లెక్క ఉందని గర్వంగా చెప్పారు. పని తీరి ఎందరు బయటికి వెళ్లిపోయారో లెక్క ఉందా? నిన్న నేనే చూశాను. మూడు నెలల కిందటి గది ఒకటి ఇంకా ఖాళీ అనే కనిపిస్తోంది. ఫోను చేస్తే ఇంటావిడ కేకలేశారు, అలా అడిగినవాళ్లలో నేను ముప్పయ్యోవాణ్నట! గది దొరికినవాడు ఆ ప్రకటన తీసే దారి పెట్టండి. అడిగినవారికి జవాబు రాకపోతే, ఆ అడిగిన మాటే అందరికీ పైన కనిపించాలి. ఫొటోలు కింద ఉన్నా నష్టం లేదు.

ఇంకొక్క నిమిషం. ఆ బోర్డు మీద చివరికి ఒక్క వాక్యం మిగిలింది. "శ్రీకాకుళం వైపు ఎవరైనా వెళ్తున్నారా?" అంతే. పేరు లేదు, గది నంబరు లేదు. మీ యాప్‌లో పేరు లేకుండా రాసే మీట చూసినప్పుడు నాకు మొదట తోచింది ఆ వాక్యమే. గదిగదికీ తిరిగి అడిగాను, ఎవరూ తమదని అనలేదు. పది రోజులు అలాగే ఉంది. తరవాత గోడలకు సున్నం వేయించినప్పుడు బోర్డు కూడా కడిగేశారు. ఆ పని చేయించిన కాగితం మీద సంతకం నాదే.