మొదటి కార్డుకి ముందు మీ పేరు సరిచూసుకోండి

(విశాఖ పౌర గ్రంథాలయంలో, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారి కోసం చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ నిర్వాహకులకి, పరవాడ నుంచి, దువ్వాడ నుంచి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నమస్కారం. ఏ క్రెడిట్ కార్డుకి ఎన్ని పాయింట్లు వస్తాయో చెప్పడానికి నేను రాలేదు. ఇంతవరకూ ఒక్క అప్పూ లేని మనిషి దరఖాస్తు ఎందుకు వెనక్కొస్తుందో చెప్తాను.

మీరు కార్డు అడగ్గానే బ్యాంకువాళ్లు మీ పాన్ నంబరుతో క్రెడిట్ బ్యూరోని, అంటే అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థని, అడుగుతారు. మన దేశంలో ఇవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఆ చరిత్రకి అవి వేసే మార్కే స్కోరు, 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పే తీసుకోనివాళ్లకి స్కోరు చోట ‘ఎన్‌హెచ్’ అనో మైనస్ 1 అనో కనిపిస్తుంది. చరిత్ర లేదని దానర్థం. చూసి కంగారు పడొద్దు, అది చెడ్డ స్కోరు కాదు.

చెడగొట్టేది ఆ తర్వాత మనం చేసే పని. ఒక బ్యాంకు కాదంటే ఇంకోటి, అదీ కాదంటే మరోటి. మాల్ ముందు టేబుల్ వేసుకున్న కుర్రాడైతే ‘ఏదో ఒకటి వచ్చేస్తుంది సార్’ అని ఒక్క సాయంత్రంలో నాలుగు బ్యాంకులకి పెట్టేస్తాడు. ప్రతి దరఖాస్తుకీ మీ రిపోర్టులో ఒక ఎంక్వైరీ పడుతుంది. ఖాతా ఒక్కటీ లేదు, ఎంక్వైరీలు మాత్రం నాలుగు. ఐదో బ్యాంకు మిమ్మల్ని ఏమనుకోవాలి? డబ్బుకి కటకటలాడుతున్నాడనే కదా! మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఒక దరఖాస్తు వెనక్కొస్తే ఆగండి. కారణం రాతపూర్వకంగా అడగండి, చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుది.

తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ కార్డు, అంటే డిపాజిట్ హామీగా పెట్టి తీసుకునే కార్డు, గురించి చెప్పాలి. దానికి ముందు ఒక్క పని చేయండి. అందరూ పాన్ కార్డు, ఆధార్ కార్డు బయటికి తీయండి. తీశారా? పక్కపక్కన పెట్టి పేరు చదవండి. అక్షరం అక్షరం.

మన ఇంటిపేర్ల వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. టెన్త్ సర్టిఫికెట్‌లో ‘పిల్లా అప్పలరాజు’. ఆధార్‌లో ‘పి. అప్పలరాజు’. పాన్ దరఖాస్తులో పొడి అక్షరం ఒప్పుకోరు కాబట్టి ‘అప్పలరాజు పిల్లా’. జీతం ఖాతాలో ‘అప్పలరాజు పి’. మనిషి ఒక్కడే, పేర్లు నాలుగు. కంప్యూటరు పేరు పోల్చి చూస్తుంది, సరిపోకపోతే వీడియో కాల్‌లో మీ గుర్తింపు చూసే వీడియో కేవైసీ దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. మీకు వచ్చే మెసేజ్‌లో మాత్రం ‘బ్యాంకు నిబంధనల ప్రకారం’ అని ఒక్క ముక్క ఉంటుంది. జీతం చాలలేదేమో అనుకుని మీరు ఇంకో బ్యాంకుకి వెళ్తారు.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. బ్యూరోలో మీ ఫైలు రెండు ముక్కలైపోవచ్చు. ఫోను వాయిదాలన్నీ సక్రమంగా కట్టిన చరిత్ర ఒక పేరు మీద, కొత్త కార్డు ఇంకో పేరు మీద. లేదా మీ పేరూ పుట్టిన తేదీ కలిసిన ఇంకెవరి ఎగవేతో మీ ఫైల్లో చేరొచ్చు. శ్రీనివాసరావులు, లక్ష్ములు ఎంతమంది ఉన్నారో ఈ హాల్లోనే చూడండి!

అందుకే ముందు పేరు. పాన్ సవరణ, పాన్ పనులు చూసే ప్రొటియన్ సంస్థ సైట్లోగానీ యూటీఐఐటీఎస్ఎల్ సైట్లోగానీ చేసుకోవచ్చు. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలు, కాబట్టి ఇంటిపేరు పూర్తిగా ఎలా రాయాలో నిర్ణయించుకున్నాకే వెళ్లండి. తర్వాత జీతం ఖాతా, ఆఖరున కార్డు దరఖాస్తు. ఈ వరస తప్పొద్దు. అక్కయ్యపాలెం హాస్టల్లో ఉంటూ ఊళ్లో చిరునామా ఇస్తే వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

సమయం అయిపోతోందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. మిగతాది త్వరగా చెప్తాను.

మొదటి కార్డు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకోండి. జీతం స్లిప్పు అడగరు. 20,000 వేస్తే బ్యాంకుని బట్టి సాధారణంగా 15,000 నుంచి 18,000 దాకా లిమిట్ ఇస్తారు. కార్డు మూసేదాకా ఆ డిపాజిట్ తీయలేరు, అత్యవసరానికి దాచిన డబ్బు మాత్రం పెట్టకండి. ‘బ్యూరోకి రిపోర్ట్ చేస్తారా’ అని ముందే అడగండి. చేయకపోతే ఆ కార్డు మనకి దండగ.

వాడకం లిమిట్లో 30 శాతం దాటనీయకండి. 15,000కి 4,500. సాధారణంగా బ్యూరోకి వెళ్లేది స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీ. ఆ నెల ఎక్కువ వాడితే స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేయండి. ఇలా ఆరు నెలలు నడిస్తే సాధారణంగా స్కోరు పుడుతుంది. అప్పుడు మామూలు కార్డుకి ఒక్క బ్యాంకులో, జీతం పడే బ్యాంకులో, అడగండి.

‘మినిమమ్ డ్యూ’ దగ్గర మాత్రం జాగ్రత్త, బాబూ. 10,000 బిల్లుకి 500 కడితే చాలంటారు. మిగిలిన 9,500 మీద నెలకి 3.5 శాతం చొప్పున 332, దానిమీద 18 శాతం జీఎస్టీ 60. మీరు కట్టిన 500లో 392 వడ్డీకీ పన్నుకే పోయింది. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ. మొత్తం బిల్లుకి ఆటో డెబిట్ పెట్టేయండి. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయనే తీయొద్దు.

నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అన్నీ ఒకేసారి తీసేయకుండా మూడు నెలలకొకటి తీయండి. తప్పు కనిపిస్తే బ్యూరో సైట్లో డిస్ప్యూట్ పెట్టి నంబరు రాసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల పరిహారం మీకు రావాలి. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకులో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయండి, దానికి ఫీజు లేదు. పాన్‌కీ ఆధార్‌కీ పేరు కలవనివాళ్లు వెళ్లిపోకండి, ఏది ముందు మార్చాలో కూర్చుని చూద్దాం.