ఇరాన్‌లో దొరకని ఇరానీ చాయ్

శ్రోతలకు నమస్కారం.

ఇరాన్ వెళ్లి చాయ్ అడిగితే ఏమిస్తారో తెలుసా? చిన్న గాజు గ్లాసులో పాలు లేని ఎర్రటి టీ, పక్కన చక్కెర గడ్డలు. గడ్డను పంటి కింద పెట్టుకుని టీ చప్పరిస్తారు. డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచి, మరిగి చిక్కబడ్డ పాలు కలిపి, ఉస్మానియా బిస్కెట్‌తో ఇచ్చేది మన హైదరాబాద్ సంగతి. ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ హోటళ్లు పెట్టుకున్నవాళ్లు ఇక్కడి నాలుకలకు తగ్గట్టు పాలు పోశారు. పేరు మాత్రం వాళ్ల దేశానిదే మిగిలింది.

చాయ్‌లో తేడా ఒక్క గుక్కతో తెలిసిపోతుంది. మర్యాదల్లో తేడా అంత త్వరగా దొరకదు. ఇరాన్‌లో తారోఫ్ అనే పద్ధతి ఉంది. టాక్సీ దిగుతూ ఎంతయిందని అడిగితే డ్రైవరు ‘అయ్యో, ఎందుకండీ, ఉండనివ్వండి’ అనొచ్చు. అది మర్యాదకు అనే మాట. మనం మళ్లీ అడగాలి, ఇంకోసారి బతిమాలాలి. అప్పుడు తీసుకుంటాడు. ఫారసీ బాగా నేర్చుకున్నవాడైనా సరే, ఆ మాట నమ్మి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడంటే డ్రైవరు గతి ఏంకాను?

నవ్వుకోకండి, మనమేం తక్కువ కాదు. భోజనాల దగ్గర ‘అబ్బే, చాలండీ’ అంటూ విస్తరికి చేయి అడ్డం పెడతాం. ఆ చేయి ఎంత గట్టిగా అడ్డం పెట్టామో చూసి వడ్డించేవాళ్లు ఇంకో గరిటె వేస్తారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్లు అక్కడి పొరుగింట్లో మొహమాటానికి వద్దంటే, నిజంగానే వద్దేమో అనుకుని గిన్నె లోపల పెట్టేస్తారు. ఇందులో ఎవరి మొరటుతనమూ లేదు. అక్కడ వద్దంటే వద్దనే. మన దగ్గర ఎన్నోసారి వద్దన్నారో లెక్క చూడాలి. అమీర్‌పేటలో ఇంగ్లిష్ నేర్పే కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. ఈ లెక్క నేర్పే సెంటర్ ఒకటి పెడితే మాత్రం నేనే వెళ్లి ఫీజు కడతాను.

భాష పోయి అలవాటు నిలిచిన చోట్లూ ఉన్నాయి. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చింది. మన తీరం నుంచి, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్లు ఉన్నారు. వాళ్ల వారసుల ఇళ్లలో ఇవాళ వినిపించేది ఎక్కువగా క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి ఉమ్మడి భాష. తెలుగేమో బడిలో నేర్చుకునే పాఠం. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు మానలేదు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

ఎందుకిలా అంటే, నాకు తోచేది ఇది. తోటలో పక్కన భోజ్‌పురి మాట్లాడేవాడు, తమిళం మాట్లాడేవాడు, పైన ఫ్రెంచి యజమాని. అందరికీ ఉమ్మడి మాట ఒకటి కావాలి, లేకపోతే పని నడవదు. అప్పన్న ముందు కూర్చున్నప్పుడు ఆ అవసరం లేదు.

డాలస్‌లో, న్యూజెర్సీలో మన పిల్లలకు జరుగుతున్నదీ కొంత అలాంటిదే. ఆటల్లో తోటిపిల్లలు మాట్లాడే భాషే ఇంట్లోకీ వస్తుంది. అందుకే అక్కడివాళ్లు శని, ఆదివారాల్లో తెలుగు బడులు నడుపుకుంటున్నారు. కోరంగిలో ఓడెక్కినవాళ్లకు ఊరితో రోజూ మాట్లాడే దారి లేదు. వీళ్లకు వాట్సాప్ ఉంది. కాబట్టి తాతయ్యలూ, అమ్మమ్మలూ, నానమ్మలూ, ఈసారి వీడియో కాల్‌లో మనవడు ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా టెన్షన్ పడకండి. మీరు మాత్రం తెలుగు వదలకుండా మాట్లాడుతూ ఉండండి. ఫోన్ వాళ్ల నాన్నకు ఇచ్చేయకండి, అంతే.