చింతపండు తగలని రాగి

అమ్ములు: నమస్కారం. ఈ వారం రాగి నాణేలు అని మాట ఇచ్చాం కాబట్టి అవే. అమెరికా తొలినాటి పెద్ద సెంట్లు, అంటే డాలరులో వందో వంతు విలువ చేసే రాగి నాణేలు, 1793 నుంచి 1857 దాకా. లిబర్టీ దేవత ముఖం ఎన్ని అవతారాలు ఎత్తిందో వరుసగా చెప్పుకుందాం. బాబాయ్, ఈసారి వరుస తప్పకూడదు.

బాబాయి: నేనెప్పుడు తప్పాను?

అమ్ములు: విజయనగరం సంచిక విన్నవాళ్లందరూ ఇప్పుడు నవ్వుతుంటారు. సరే, 1793, ఫిలడెల్ఫియా టంకశాల. అప్పటి సెంటు ఇప్పటి మన పది రూపాయల బిళ్లంత వెడల్పు, బరువు మాత్రం పదమూడున్నర గ్రాములు. ఒకవైపు జుట్టు విరబోసుకున్న లిబర్టీ, రెండోవైపు పదిహేను రాష్ట్రాలకు గుర్తుగా పదిహేను కొక్కేల గొలుసు.

బాబాయి: స్వేచ్ఛా దేవత వెనక గొలుసు! ఎవడి బుర్రలో పుట్టిందో ఆ ఆలోచన.

అమ్ములు: అప్పటి పత్రికలూ అదే అన్నాయి. గొలుసు అపశకునం, దేవత చూస్తే బెదిరిపోయినట్టుంది అని రాశారు. 36,103 నాణేలు కొట్టాక గొలుసు పోయి ఆకుల దండ వచ్చింది. తర్వాత టోపీ ఉన్న లిబర్టీ. అది చెక్కిన జోసెఫ్ రైట్ ఆ ఏడాది సెప్టెంబరులోనే పోయాడు. ఊరంతా పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్.

బాబాయి: అయ్యో. చేసిన పని పదిమంది చేతుల్లోకి వెళ్లడం కూడా సరిగ్గా చూడలేదన్నమాట.

అమ్ములు: 1794కి వెళ్లే ముందు ఒక ఉత్తరం. న్యూజెర్సీ శ్రోత ఒకరు పాత సామాన్ల అమ్మకంలో 1798 సెంటు కొన్నారట. నల్లగా ఉందని చింతపండు పెట్టి తోమారట. "ఇప్పుడు బంగారంలా మెరుస్తోంది, విలువ ఎంత పెరిగి ఉంటుంది?" అని అడిగారు.

బాబాయి: మంచి పని చేశాడు.

అమ్ములు: బాబాయ్!

బాబాయి: ఏం, తప్పేముంది? రాగి అంటే మెరవాలి. మీ నాయనమ్మ రాగి బిందె తోమితే అందులో ముఖం చూసుకునేవాళ్లం.

అమ్ములు: బిందె మళ్లీ నల్లబడితే మళ్లీ తోముకుంటాం. నాణెం మీద ఉన్న గోధుమ రంగు పొర రెండు వందల ఏళ్లపాటు గాలి తగిలి తయారైంది. అది మురికి కాదు, నాణేనికి చర్మం. చింతపండులో పులుపు ఆ పొరను తినేస్తుంది. కింద బయటపడేది పచ్చి రాగి. కొన్నాళ్లకు అదీ రంగు మారుతుంది గాని, ఎక్కడికక్కడ మచ్చలు మచ్చలుగా మారుతుంది. తెలిసినవాళ్లు ఒక్క చూపుకే పట్టేస్తారు. ఆయన విలువ పెంచలేదు, కడిగి పారబోశారు.

బాబాయి: ఉత్తరం రాసిన పెద్దమనిషి గుండె ఆగేట్టు చెబుతున్నావు.

అమ్ములు: చెప్పకపోతే రేపు ఇంకొకటి తోముతారు. జిడ్డు ఉంటే అసిటోన్ చాలు, అది రాగి జోలికి పోదు. ఆ తర్వాత ఒంటె వెంట్రుకల మెత్తని కుంచె. అంతే. ఉప్పు వద్దు, నిమ్మకాయ వద్దు, పీచు వద్దు.

బాబాయి: మరి చిలుము పట్టిన నాణెం? ఆకుపచ్చ బుడిపెలతో చూడ్డానికే రోతగా ఉంటుంది. దాన్నీ ముద్దు పెట్టుకుంటావా?

అమ్ములు: చిలుము నాకూ ఇష్టం కాదు. అది నాణేన్ని తినేస్తుంది, జాగ్రత్తగా తీయాల్సిందే. కానీ గీతలు, గుంటలు, అంచు మీద దెబ్బలు, వాటితో నాకు పేచీ లేదు. ఈ రాగి నాణేలు సేకరించేవాళ్లు నాణేనికి మార్కులు వేసే లెక్క నాకు అందుకే నచ్చుతుంది. ముందు అరుగుదల చూసి మార్కు వేస్తారు, తర్వాత లోపాలకు తగ్గిస్తారు. బొమ్మ ముప్పై స్థాయిలో స్పష్టంగా ఉన్నా, గుంటలుంటే పన్నెండుకు దింపుతారు. డెబ్బైకి లెక్కించే ఆ కొలబద్ద పుట్టిందే ఈ పెద్ద సెంట్ల కోసం, షెల్డన్ అనే ఆయన 1949లో పెట్టాడు.

బాబాయి: అంటే సగం ధరకే బొమ్మంతా కనిపించే నాణెం దొరుకుతుందన్నమాట. ఇది మాత్రం నా మనసుకు నచ్చిన బేరం.

అమ్ములు: చివరికి బేరం దగ్గర దొరికారు.

బాబాయి: బేరం అంటే గుర్తొచ్చింది. 1794లోనే బర్మింగ్‌హామ్‌లో బౌల్టన్ గారి సోహో టంకశాల మన ఉత్తర సర్కారుల కోసం...

అమ్ములు: వచ్చేసింది! ఇంకా పది నిమిషాలు ఆగుతుందనుకున్నాను.

బాబాయి: ...రాగి నాణేలు కొట్టింది! "రూపాయికి 48" అని నాణెం మీదే రాసి. ఇక్కడ మన శ్రీకాకుళం, గోదావరి జిల్లాలకు రూపాయికి 48, అక్కడ ఫిలడెల్ఫియా వాళ్లు సెంటు అంచు మీద "డాలరుకు వంద" అని. ఒకే ఏడాది! ఆవిరి యంత్రం మీద కొట్టిన మన నాణెం చూడు, అంచు ఎంత గుండ్రంగా ఉందో. వీళ్లవి చూడు.

అమ్ములు: వీళ్లది మనుషులు చేత్తో తిప్పిన మర. పైగా రాగే దొరికేది కాదు, పాత గిన్నెలూ తుక్కూ కొనేవారు. ముద్ర కొట్టకముందు ఉండే ఖాళీ రాగి బిళ్లలో పగుళ్లు, పొరలు ఉండేవి అందుకే. రాగి ధర పెరిగి 1795 చివర్లో బరువు కూడా పదకొండు గ్రాముల లోపుకు దించారు.

బాబాయి: చివరికి ఎవరి దగ్గర బిళ్లలు కొన్నారు? చెప్పు, నీ నోటితోనే చెప్పు.

అమ్ములు: బౌల్టన్ దగ్గర.

బాబాయి: అదీ! 1812 యుద్ధం వచ్చి ఇంగ్లండు బిళ్లలు ఆగిపోతే 1815 తేదీతో సెంటే లేదు. మన ఉత్తర సర్కారుల నాణేనికి ఆ గతి పట్టలేదు.

అమ్ములు: ఆ నాణెం మనవాళ్లు కొట్టింది కాదు బాబాయ్, ఈస్టిండియా కంపెనీ కొట్టించింది. దానికి మీరెందుకు మీసం తిప్పుతారో నాకు అర్థం కాదు.

బాబాయి: ...అది వేరే మాట.

అమ్ములు: వేరే మాటే. పోనీ, ఇది చూడండి. ఫోటో పెద్దది చేస్తున్నాను. 1795 అర సెంటు.

బాబాయి: లిబర్టీ చెంప మీద ఏదో గీత ఉంది. దెబ్బా?

అమ్ములు: దెబ్బ కాదు, ఓడ తాడు. టంకశాల వాళ్లు బిళ్లలు లేక న్యూయార్క్ వ్యాపారులు టాల్బట్, ఆలమ్ అండ్ లీ వాళ్లు సొంతంగా వేయించుకున్న నాణెంలాంటి రాగి టోకెన్లు యాభై వేలకు పైగా కొని, గుండ్రంగా కోసి, వాటి మీదే అర సెంట్లు కొట్టారు. పాత టోకెను మీది ఓడ పూర్తిగా చెరగలేదు. ఇక్కడ అక్షరాలు కూడా ఉన్నాయి, తల వెనక.

బాబాయి: ఆ వ్యాపారులు మన దేశంతోనే కదా వ్యాపారం చేసింది!

అమ్ములు: అవును, ఇండియా వ్యాపారమే. దీనికి మాత్రం మీరు మీసం తిప్పుకోవచ్చు.

బాబాయి: దీన్ని ఆ న్యూజెర్సీ ఆయన తోమి ఉంటే?

అమ్ములు: తాడు పోయేది. ఇప్పుడు దారికి వచ్చారు.

బాబాయి: బిందె విషయంలో రాలేదు.

అమ్ములు: 1794లో వెనకవైపు అంచు చుట్టూ తొంభై నాలుగు చిన్న నక్షత్రాలు దాచిన సెంటు ఉంది, 1801లో 1/100 బదులు 1/000 అని చెక్కిన సెంటు ఉంది. ఆ ఒక్కదానిలోనే మూడు తప్పులు. యునైటెడ్‌లో మొదటి అక్షరం రెండు నిలువు గీతలై కూర్చుంది, దండకు ఒక కాడ లేదు. ముఖాలన్నీ చెబుతామని అన్నాం గాని...

బాబాయి: టోపీ దగ్గరే ఆగాం.

అమ్ములు: ఎవరి వల్ల?

బాబాయి: చింతపండు వల్ల. ఆ 1/000 మాట వదలకు, వందో వంతు రాయడం రాని చోట...

అమ్ములు: ఫోను మోగుతోంది, పిన్ని. ఎత్తండి.

బాబాయి: ఎత్తితే ఇప్పట్లో పెట్టదు. నువ్వు చెప్పు, దండకు ఒక కాడ ఎటువైపు లేదు?

అమ్ములు: ఎడమ. ముందు ఫోను ఎత్తండి బాబాయ్.