కెనడా రాజ్యాంగం 115 ఏళ్లు లండన్‌లో ఎందుకు ఉండిపోయింది?

[దృశ్యం: పెద్ద కాగితం మీద అలంకారంగా రాసిన అక్షరాలు. కెమెరా నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, సిరా అలుక్కుపోయిన చోట ఆగుతుంది.]

ఈ కాగితాన్ని కాస్త దగ్గరగా చూడండి. అక్షరాల మధ్య అక్కడక్కడ సిరా అలుక్కుపోయి కనిపిస్తోంది కదా, అవి వాన చినుకులు పడిన గుర్తులు. 1982 ఏప్రిల్ 17న ఒట్టావాలో పార్లమెంటు భవనం ఎదుట, ఆరుబయట వేసిన వేదిక మీద రెండవ ఎలిజబెత్ రాణి ఈ ప్రకటన పత్రం మీద సంతకం చేస్తున్న వేళకు వాన అందుకుంది. పక్కన ప్రధాని పియెర్ ట్రూడో ఉన్నారు. ఆ సంతకంతో కెనడా తన రాజ్యాంగాన్ని తానే మార్చుకునే అధికారాన్ని పొందింది. అప్పటికి ఆ దేశం ఏర్పడి 115 ఏళ్లు కావస్తోంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో సొంత సైన్యంతో పోరాడి, ఐక్యరాజ్యసమితిలో వ్యవస్థాపక సభ్యురాలిగా కూర్చున్న దేశం, తన మూల చట్టంలో ముఖ్యమైన మార్పు ఏది చేయాలన్నా అప్పటిదాకా లండన్‌లోని పార్లమెంటును అడగవలసి వచ్చేది.

ఇది వినగానే మనకు తట్టే కారణం ఒక్కటే, బ్రిటన్ అధికారం వదులుకోలేదని. వలస పాలన చూసిన మనం అలా అనుకోవడం సహజమే కానీ, ఇక్కడ అది నిజం కాదు. బ్రిటన్ 1931లోనే ఇచ్చేయడానికి సిద్ధపడింది. పుచ్చుకోవలసినవాళ్లే, ఎవరి పేరున పుచ్చుకోవాలో తేల్చుకోలేకపోయారు. వాటాలు తెగని అన్నదమ్ములు ఆస్తి దస్తావేజును ఊరి పెద్దమనిషి పెట్టెలో ఉంచి, ఏళ్ల తరబడి పంచాయితీ నడిపినట్టుగా సాగింది ఆ వ్యవహారం.

[దృశ్యం: ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి పటం. షార్లట్‌టౌన్ రేవు.]

ముందు ఆ దస్తావేజు ఎలా పుట్టిందో చూద్దాం. 1864 సెప్టెంబరు 1న షార్లట్‌టౌన్ అనే చిన్న పట్టణంలో తూర్పు తీరపు మూడు బ్రిటిష్ వలసల ప్రతినిధులు తమలో తాము కలిసిపోవడం గురించి మాట్లాడుకోవడానికి సమావేశమయ్యారు. నేటి ఆంటారియో, క్యూబెక్ ప్రాంతాలు అప్పట్లో కెనడా అనే ఒకే వలసగా ఉండేవి. ఆ వలస నాయకులు జాన్ ఎ. మాక్‌డొనాల్డ్, జార్జ్ ఎతియెన్ కార్తియే, జార్జ్ బ్రౌన్ తదితరులు తమను కూడా రానివ్వమని అడిగి మరీ, ‘క్వీన్ విక్టోరియా’ అనే ఆవిరి ఓడలో దిగారు. ఆ వారం ఊళ్లో సర్కస్ ఆడుతోంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ దీవి సర్కస్ మొహం చూడలేదు కనుక చుట్టుపక్కల జనమంతా అక్కడికే తరలివచ్చారు, హోటళ్లలో గదులు లేవు. వచ్చిన అతిథుల్లో చాలామంది ఓడలోనే పడుకోవలసి వచ్చింది. వారికి స్వాగతం పలకడానికి స్థానిక మంత్రి విలియం హెన్రీ పోప్ ఒక చిన్న పడవలో ఎదురు వెళ్లారు. ఒక దేశం పుట్టుకకు ఇంతకంటే సాదాసీదా ప్రారంభం ఊహించడం కష్టం.

ఆ అక్టోబరులో క్యూబెక్ నగరంలో 72 తీర్మానాలు తయారయ్యాయి. వాటి ఆధారంగా బ్రిటిష్ పార్లమెంటు చేసిన బ్రిటిష్ నార్త్ అమెరికా చట్టానికి 1867 మార్చి 29న రాజముద్ర పడింది, జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ అనే నాలుగు రాష్ట్రాలతో కెనడా సమాఖ్య మొదలైంది. చమత్కారమేమిటంటే, మొదటి సమావేశానికి ఆతిథ్యమిచ్చిన ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి అప్పుడు చేరలేదు, 1873 దాకా ఆగింది.

మాక్‌డొనాల్డ్ మనసులో ఒక భయం ఉండేది. సరిహద్దుకు అవతల అమెరికా అంతర్యుద్ధంలో రక్తమోడుతోంది, రాష్ట్రాలకు మితిమీరిన అధికారాలివ్వడమే దానికి మూలమని ఆయన నమ్మారు. అందుకే కెనడా చట్టంలో 91వ సెక్షన్ కేంద్రం అధికారాలనూ, 92వ సెక్షన్ రాష్ట్రాల అధికారాలనూ చెప్పగా, ఏ జాబితాలోనూ లేని అవశిష్ట అధికారాలు ప్రధానంగా కేంద్రానికే దక్కాయి. అమెరికాలో ఇవి రాష్ట్రాలకు దక్కుతాయి.

[దృశ్యం: భారత రాజ్యాంగ సభ ఛాయాచిత్రం.]

ఇక్కడ మన దేశం ప్రస్తావన తప్పదు. 1948 ఫిబ్రవరిలో ముసాయిదా రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ అధ్యక్షునికి పంపుతూ రాసిన లేఖలో డాక్టర్ అంబేడ్కర్, భారతదేశాన్ని ‘యూనియన్’ అని పిలవడంలో ముసాయిదా సంఘం 1867 నాటి ఈ కెనడా చట్టం ప్రవేశికలోని భాషనే అనుసరించిందని స్పష్టంగా చెప్పారు. మన 248వ అధికరణం అవశిష్ట అధికారాలను పార్లమెంటుకు అప్పగించడం కూడా ఆ బాటలోనిదే. అంటే ఢిల్లీకీ, హైదరాబాదుకూ, అమరావతికీ మధ్య అధికారాల పేచీ వచ్చినప్పుడల్లా, మాక్‌డొనాల్డ్ భయం తాలూకు నీడ కొంత మన మీద కూడా పడుతున్నట్టే లెక్క.

అయితే ఆ చట్టంలో ఒక పెద్ద లోటు ఉండిపోయింది. అందులో మార్పులు చేయాలంటే ఎవరు చేయాలో రాయలేదు. బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కనుక వాళ్లే మారుస్తారని అందరూ అనుకున్నారు, అప్పట్లో దానికి ఎవరూ నొచ్చుకోలేదు కూడా. దాని ఫలితం ఎలా ఉండేదో ఒక ఉదాహరణతో చెబుతాను. 1930ల ఆర్థిక మాంద్యంలో లక్షల మంది పనులు పోగొట్టుకున్నప్పుడు కేంద్రం 1935లో నిరుద్యోగ బీమా చట్టం తెచ్చింది. అది రాష్ట్రాల పరిధిలోని విషయమంటూ 1937లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో వలసల కేసులకు చివరి అప్పీలు కోర్టు, కొట్టేసింది. చివరకు రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నాక, 1940లో బ్రిటిష్ పార్లమెంటు చేత 91వ సెక్షన్‌లో ‘నిరుద్యోగ బీమా’ అన్న మాటను చేర్పించుకోవలసి వచ్చింది.

[దృశ్యం: ఒట్టావాలో అయిదుగురు మహిళల కంచు విగ్రహాలు.]

లండన్ తీర్పులన్నీ అడ్డుపుల్లలే అనుకుంటే పొరపాటు. సెనేట్ సభ్యత్వానికి అర్హులైన ‘వ్యక్తులు’ అన్న మాటలో స్త్రీలు ఉన్నారా లేదా అని ఆల్బర్టాకు చెందిన ఎమిలీ మర్ఫీ, నెల్లీ మెక్‌క్లంగ్ తదితర అయిదుగురు మహిళలు ప్రశ్నించినప్పుడు, 1928లో కెనడా సుప్రీంకోర్టు లేరని చెప్పింది. 1929 అక్టోబరు 18న ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును తిరగరాసింది. రాజ్యాంగం తన సహజ పరిమితుల్లో పెరిగే సజీవ వృక్షమని లార్డ్ శాంకీ రాసిన మాటను కెనడా న్యాయస్థానాలు నేటికీ ఉటంకిస్తాయి. ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీళ్లను కెనడా 1949లో రద్దు చేసుకుంది, భారతదేశం కూడా అదే ఏడాది రద్దు చేసుకుంది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. 1931 డిసెంబరు 11న వచ్చిన వెస్ట్‌మినిస్టర్ చట్టం డొమినియన్లకు, అంటే కెనడాలాంటి స్వపరిపాలన ఉన్న బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకు, శాసనాధికారంలో స్వాతంత్ర్యం ఇచ్చింది. కానీ అందులోని 7వ సెక్షన్, కెనడా మూల చట్టాల సవరణకు మాత్రం ఇది వర్తించదంటుంది. దాన్ని పెట్టమని అడిగింది కెనడాయే. సవరణకు అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవాలా, ఎక్కువ రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలా, ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్‌కు విడిగా అడ్డుకునే హక్కు ఉండాలా అన్న ప్రశ్నలకు సమాధానం దొరకలేదు. తర్వాత అర్ధ శతాబ్దం పాటు సమావేశాల మీద సమావేశాలు జరిగాయి. 1971లో విక్టోరియా నగరంలో అంతా కుదిరిందనుకున్న ఒప్పందం, క్యూబెక్ ముఖ్యమంత్రి రాబర్ట్ బురాసా ఇంటికి వెళ్లి కాదనడంతో చెదిరిపోయింది.

[దృశ్యం: 1980 నాటి క్యూబెక్ ప్రజాభిప్రాయ సేకరణ పోస్టర్లు.]

1976లో క్యూబెక్‌లో రెనే లెవెక్ నాయకత్వాన స్వతంత్ర క్యూబెక్ కోరే పార్టీ గెలిచింది. 1980 మే 20న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 60 శాతం మంది ఆ ప్రతిపాదనకు వద్దన్నారు. ఓటుకు ముందు సభలో ట్రూడో, వద్దని ఓటేస్తే రాజ్యాంగాన్ని నూతనీకరిస్తామని మాటిచ్చారు. అక్టోబరులో, రాష్ట్రాలు కలిసిరాకపోయినా తానే లండన్‌కు వెళ్లి తెచ్చేస్తానని ప్రకటించారు. పదింటిలో ఆంటారియో, న్యూ బ్రన్స్‌విక్ మాత్రమే ఆయన వైపు నిలబడ్డాయి, మిగిలిన ఎనిమిదీ జట్టు కట్టాయి. 1981 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు విచిత్రమైన అభిప్రాయం చెప్పింది: చట్టం ప్రకారం కేంద్రం ఒంటరిగా వెళ్లవచ్చు, సంప్రదాయం ప్రకారం మాత్రం గణనీయమైన సంఖ్యలో రాష్ట్రాల సమ్మతి ఉండాలి. ఇద్దరికీ చెరో సగం గెలుపు ఇచ్చి, మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెట్టే తీర్పు అది.

[దృశ్యం: ఒట్టావా పాత రైల్వే స్టేషన్ భవనం, రాత్రి.]

ఆ బల్ల, ఒట్టావాలో సమావేశ కేంద్రంగా మార్చిన పాత రైల్వే స్టేషన్‌లో ఉంది. నవంబరు 2న మొదలైన చర్చలు మూడో రోజుకు కూడా ముడిపడలేదు. నవంబరు 4 ఉదయం ట్రూడో, కొత్త రాజ్యాంగంలో చేర్చదలచిన పౌర హక్కుల పత్రాన్ని ప్రజల ఓటుకు పెడదామని లెవెక్‌ను ఉద్దేశించి అన్నారు. లెవెక్ వెంటనే సై అన్నారు. ఓటంటే గిట్టని మిగిలిన ఏడుగురు ముఖ్యమంత్రులు బిత్తరపోయారు, ఎనిమిది మంది జట్టు అక్కడే చీలింది. ఈ వాస్తవాన్ని క్యూబెక్‌లో కాస్త తక్కువగా గుర్తు చేసుకుంటారు. ఆ మధ్యాహ్నం న్యాయశాఖ మంత్రి జాన్ క్రెత్యాన్, సస్కాచెవాన్ మంత్రి రాయ్ రోమనోవ్, ఆంటారియో మంత్రి రాయ్ మెక్‌మర్ట్రీ ఆ భవనంలో వాడకంలో లేని ఒక వంటగదిలోకి వెళ్లి, నోటు కాగితం మీద రాజీ షరతులు గీశారు. సవరణ విధానంలో రాష్ట్రాల మాట నెగ్గాలి, హక్కుల పత్రం విషయంలో కేంద్రం మాట నెగ్గాలి. అయితే ఆ పత్రంలోని కొన్ని హక్కులను అయిదేసి ఏళ్ల చొప్పున పక్కన పెట్టి చట్టం చేసుకునే వెసులుబాటు శాసనసభలకు ఉండాలి. అదే 33వ సెక్షన్.

ఆ రాత్రి ఫోన్లు, గదుల మధ్య రాకపోకలు తెల్లవార్లూ సాగాయి. లెవెక్ నదికి అవతల హల్ పట్టణంలో బస చేశారు. ఆయనకు ఎవరూ కబురు పెట్టలేదు. పొద్దున్నే అల్పాహారానికి వచ్చేసరికి మిగిలిన తొమ్మిది రాష్ట్రాలూ ఒప్పందానికి వచ్చేశాయి. క్యూబెక్‌లో దాన్ని వెన్నుపోటు అన్న అర్థంలో ‘పొడవు కత్తుల రాత్రి’ అంటారు, మిగిలిన కెనడా ముద్దుగా ‘వంటింటి ఒప్పందం’ అంటుంది. రెండు పేర్లూ ఒకే రాత్రివి.

1982 మార్చి 29న కెనడా చట్టానికి లండన్‌లో రాజముద్ర పడింది. 1867లో మొదటి చట్టానికి ముద్ర పడిన రోజు కూడా మార్చి 29యే. ఇకపై చాలా సవరణలకు పార్లమెంటుతో పాటు, మొత్తం జనాభాలో కనీసం సగం ఉన్న ఏడు రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు. ఒట్టావాలో వానలో సంతకాలు జరుగుతున్న రోజున క్యూబెక్ ప్రభుత్వం ఆ వేడుకను బహిష్కరించింది, లెవెక్ మాంట్రియల్ వీధుల్లో నిరసన ఊరేగింపు నడిపారు. క్యూబెక్ శాసనసభ ఆ రాజ్యాంగానికి నేటికీ లాంఛనంగా సమ్మతి తెలపలేదు, అయినా అది అక్కడ కూడా పూర్తిగా వర్తిస్తుంది. క్యూబెక్‌ను కలుపుకోవడానికి చేసిన మీచ్ లేక్ ఒప్పందం 1990లోనూ, షార్లట్‌టౌన్ ఒప్పందం 1992లోనూ వీగిపోయాయి. 1995 అక్టోబరు 30న రెండోసారి ప్రజాభిప్రాయం అడిగితే, 50.58 శాతం మంది కెనడాలోనే ఉందామన్నారు. ఒక శాతం కంటే కాస్త ఎక్కువ తేడాతో దేశం నిలిచింది.

[దృశ్యం: వాంకూవర్ స్టేషన్ నుంచి బయలుదేరుతున్న రైలు.]

ఈ పంచాయితీలో అసలు బల్ల దగ్గరే చోటు దొరకనివారు ఇంకొకరున్నారు. ఆ నేలకు మొదటి హక్కుదారులైన మూలవాసులు. రాజ్యాంగంలో తమ హక్కుల ఊసు లేకుండా పోతుందన్న ఆందోళనతో 1980 నవంబరులో జార్జ్ మాన్యుయెల్ నాయకత్వంలో వందలాది మంది వాంకూవర్‌లో రైళ్లెక్కి ఒట్టావాకు వెళ్లారు. ఆ ప్రయాణానికి ‘కాన్‌స్టిట్యూషన్ ఎక్స్‌ప్రెస్’ అన్న పేరు వచ్చింది. వారి పోరాటంతో ముసాయిదాలోకి వచ్చిన హక్కుల నిబంధన 1981 నవంబరు 5 నాటి ఒప్పందంలో మాయమైంది. దేశమంతటా నిరసనలు లేచాక, ఆల్బర్టా ముఖ్యమంత్రి పట్టుబట్టిన ‘ఇప్పటికే ఉన్న’ అన్న విశేషణాన్ని తగిలించుకుని 35వ సెక్షన్‌గా తిరిగి వచ్చింది.

[దృశ్యం: పౌరసత్వ ప్రమాణ స్వీకార సభ. కుడి చేతులు పైకెత్తిన జనం.]

2021 జూన్ నుంచి ఆ సెక్షన్ మాటలు పౌరసత్వ ప్రమాణంలో కూడా చేరాయి. కెనడా పౌరసత్వం తీసుకునే తెలుగువారు కూడా రాజుకు విధేయత ప్రకటించాక, మూలవాసుల హక్కులనూ, వారితో కుదిరిన ఒడంబడికల హక్కులనూ గుర్తించి ధ్రువీకరించే రాజ్యాంగంతో సహా దేశ చట్టాలను పాటిస్తామని పలుకుతారు. ఆ ఒక్క వాక్యమే 1981 నవంబరులో కొన్ని వారాల పాటు కాగితం మీద లేకుండా పోయింది.