అగ్నిపర్వతం వేడితోనే అగ్నిపర్వతానికి కాపలా

శ్రోతలకు నమస్కారం.

అంటార్కిటికా ద్వీపకల్పానికి దగ్గర్లో డిసెప్షన్ అనే దీవి ఉంది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. ఓడలు ఒక ఇరుకు సందులోంచి లోపలికి వెళ్ళి లంగరు వేస్తాయి. ఎక్కడ వేస్తున్నాయనుకున్నారు? సరిగ్గా అగ్నిపర్వతం నోట్లో! ఎప్పుడో పేలి, కుంగిపోయి, సముద్రపు నీళ్ళు నిండిన గుంట అది. 1967లోనూ, 1969లోనూ మళ్ళీ పేలి అక్కడి చిలీ, బ్రిటన్ స్థావరాలను దెబ్బతీసింది. 1970లో మరోసారి పేలింది. ఇప్పుడక్కడ స్పెయిన్, అర్జెంటీనా స్థావరాలున్నాయి. అవీ వేసవిలోనే నడుస్తాయి. అక్కడి వేసవి అంటే మన డిసెంబరు, జనవరి రోజులు. చలికాలం వస్తోందంటే అందరూ సర్దుకుని వెళ్ళిపోతారు. అగ్నిపర్వతానికి సెలవులు ఉండవు కదా.

మనుషులు లేని ఆ నెలల్లో దాన్ని కనిపెట్టి ఉండాల్సింది పరికరాలే. నేల లోపల చిన్న అదురును కూడా పట్టుకునే సీస్మోమీటర్లు, నేల ఉబ్బుతోందేమో చూసే జీపీఎస్ యంత్రాలు, ఆ కబురు బయటికి పంపే రేడియో. వీటికి కావలసింది కొన్ని వాట్ల కరెంటు, అంతే. ఆ కాస్త అందించడమే పెద్ద తలనొప్పి. సోలార్ ప్యానెల్‌ను మంచు కప్పేస్తుంది. కొండ బూడిద కక్కితే బూడిద కప్పేస్తుంది, అదీ సమాచారం మనకు అత్యవసరమైన సమయంలోనే. గాలిమర రెక్కలకు మంచు గడ్డకడుతుంది. బ్యాటరీలేమో బరువు, పైగా చలికి నీరసిస్తాయి.

వాటిని మార్చాలంటే ఎవరో ఒకరు ఆ కొండ ఎక్కాలి. 1993 జనవరిలో కొలంబియాలోని గలేరస్ అగ్నిపర్వతం శాస్త్రవేత్తలు దాని నోటి దగ్గర ఉండగానే పేలింది. ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు, మొత్తం తొమ్మిది మంది చనిపోయారు. అందుకే నా దృష్టిలో ఇక్కడ అసలు ఖర్చు వాట్లది కాదు, మనిషి అక్కడికి వెళ్ళి రావడానిది.

మరి కాళ్ళ కిందే అంత వేడి ఉండగా కరెంటు బయటినుంచి మోసుకెళ్ళడం ఎందుకు? రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుంది. ఇందుకు మూలమైన ప్రయోగం 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త చేశాడు. 1977లో బయల్దేరిన వాయేజర్ అంతరిక్ష నౌకలు నడుస్తున్నదీ ఈ పద్ధతి మీదే, అక్కడ వేడినిచ్చేది ప్లుటోనియం. అయితే ఒట్టి వేడి ఉంటే చాలదు, తేడా కావాలి. ఒకవైపు 90 డిగ్రీలు, మరోవైపు సున్నా ఉన్నాయనుకోండి. భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం అందిన వేడిలో గరిష్ఠంగా పాతిక శాతం విద్యుత్తుగా మారవచ్చు. నిజంగా చేతికొచ్చేది రెండు మూడు శాతమే. ఫ్యాక్టరీ నడిపేవాడైతే ఈ లెక్క చూసి నవ్విపోతాడు. ఇక్కడ వేడి ఉచితం, అవసరం కొన్ని వాట్లు, కాబట్టి ఫరవాలేదు.

చల్లటి వైపును చల్లగా ఉంచడమే కష్టమైన పని. ఫ్యాను పెడితే పుట్టిన కరెంటు కాస్తా అదే తాగేస్తుంది, చెడిపోవచ్చు కూడా. స్పెయిన్‌లోని నవార్రా ప్రభుత్వ విశ్వవిద్యాలయం పరిశోధకులు కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఇలా కరెంటు పుట్టించే జనరేటర్‌ను తయారుచేశారు. మూసిన గొట్టంలో కొద్దిగా ద్రవం ఉంటుంది. అడుగున వేడి తగిలి ఆవిరై పైకి వెళుతుంది. అన్నం గిన్నె మూతకు పట్టిన నీళ్ళలా పైన చల్లబడి మళ్ళీ కిందికి జారుతుంది. నేలలోని వేడిని పైకి తేవడానికీ, చల్లటి వైపు వేడిని గాలిలోకి వదలడానికీ ఇదే ఉపాయం. కానరీ దీవుల్లో 3,700 మీటర్లు దాటిన టెయిడె అగ్నిపర్వతం మీదా, డిసెప్షన్ దీవిలోనూ ఇలాంటివాటిని పెట్టి చూశారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చలికాలంలో సూర్యుడు మొహం చాటేసి సోలార్ ప్యానెల్ చేతులెత్తేసే రోజుల్లో గాలి ఇంకా చల్లబడుతుంది. తేడా పెరుగుతుంది, దాంతో కరెంటూ పెరుగుతుంది.

అదే మన అండమాన్‌లోని బారెన్ దీవి సంగతి చూడండి. తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన, ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ అగ్నిపర్వతం మీద గాలి ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది. తేడా తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడికి సోలారే నయమనిపిస్తుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. పగుళ్ళలోంచి ఆవిరితోపాటు గంధకపు వాయువులు వచ్చి లోహాన్ని తినేస్తాయి, తీగల అతుకులను కూడా వదలవు. ఆవిరి బుసలు కొట్టే చోట సీస్మోమీటర్ పెడితే ఆ అలజడే నమోదవుతుంది. అందుకని జనరేటర్ ఒకచోట, సీస్మోమీటర్ కాస్త ఎడంగా మరోచోట, మధ్యలో కేబుల్. పైగా ఆవిరి ఎప్పుడూ ఒకే పగులు నుంచి రావాలని లేదు. ఈ ఏడాది వేడిగా ఉన్న చోటు కొన్నేళ్ళకు చల్లారిపోవచ్చు. అప్పుడు జనరేటర్‌ను పెకలించి మరో వేడి నేల వెతుక్కోవాల్సిందే, అంటే మనిషి మళ్ళీ కొండ ఎక్కాల్సిందే.